ఆదివారం కడిగితే సోమవారం తేలుతున్నాయి

గప్పీ చేపల గురించి ఈ నెల వచ్చిన ఉత్తరాలకు కర్నూలు నుంచి ఒక రిటైర్డ్ బయాలజీ టీచర్ జవాబులు

ప్రశ్న: సార్, మాది ఆదోని. మా పాప పుట్టినరోజుకి 2 అడుగుల తొట్టి, 12 గప్పీలు కొన్నాం. ప్రతి ఆదివారం చేపల్ని బకెట్లోకి తీసి, రాళ్లు, ఫిల్టర్ స్పాంజి అన్నీ కొళాయి కింద రుద్ది కడిగి, కొత్త నీళ్లు నింపుతాను. ఇంత శుభ్రంగా ఉంచినా సోమ, మంగళవారాల్లో ఒకటో రెండో తేలుతున్నాయి. ఇప్పటికి 5 మిగిలాయి. అంగట్లో అడిగితే మందు వేయమంటున్నారు. ఏ మందు వేయాలి?

జవాబు: ఏ మందూ వద్దమ్మా. జబ్బు పేరు మీ ఉత్తరంలో మీరే రాశారు: ఆదివారం.

చేప తొట్టిలోనే తింటుంది, తొట్టిలోనే విసర్జిస్తుంది. దాని మొప్పల నుంచి, మలం నుంచి, మిగిలిపోయిన మేత నుంచి అమ్మోనియా పుడుతుంది. అది విషం. స్పాంజిలో, రాళ్ల మీద కంటికి కనపడని బాక్టీరియా చేరి, ఆ అమ్మోనియాను మొదట నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రైట్ కూడా విషమే. నైట్రేట్‌ను మాత్రం చేపలు కొంతవరకు తట్టుకుంటాయి. ఈ బాక్టీరియా కుదురుకోవడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. మీరేమో వారానికోసారి క్లోరిన్ కలిసిన కొళాయి నీళ్లతో దాన్ని కడిగేస్తున్నారు. అందుకే మీ తొట్టి ఎప్పుడూ మొదటి వారంలోనే ఉంటోంది.

మన వైపు ఇంకో తిరకాసు ఉంది. మన బోరు నీళ్లు గట్టివి. నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లటి పొర కడుతుంది చూడండి, అదే సాక్ష్యం. గట్టి నీళ్లంటే గప్పీలకు ఇష్టమే. పీహెచ్, అంటే నీళ్ల పులుపు, క్షారాల కొలత, 7 నుంచి 8 మధ్య ఉంటే హాయిగా బతుకుతాయి. మినరల్ వాటర్ క్యాన్లు తెచ్చి పోసేవాళ్లున్నారు, అది దండగ ఖర్చు. గప్పీకి కావాల్సిన ఖనిజాలే అందులో ఉండవు. అయితే పీహెచ్ ఎక్కువైన కొద్దీ, నీళ్లు వేడెక్కిన కొద్దీ అమ్మోనియా విషం పదునెక్కుతుంది. మెత్తటి నీళ్లలో తట్టుకునే పాటి అమ్మోనియా కూడా మన దగ్గర ప్రాణం తీస్తుంది.

నేను చెప్పగలుగుతున్నది పుస్తకం చూసి కాదు. ఒక ఉగాదికి ఇల్లంతా సున్నం కొట్టించి, ఆ ఊపులో తొట్టి కూడా తళతళలాడేలా కడిగాను. మా ఆవిడ వద్దంటూనే ఉంది. పండగ మర్నాటికి 11 చేపలు పోయాయి. బడిలో పిల్లలకు నత్రజని వలయం బొమ్మ గీసి పాఠం చెప్పేవాణ్ణి నేనే!

ఇక మీదట వారానికి పావు వంతు నీళ్లే మార్చండి. మీ తొట్టి 50 లీటర్లు పడుతుంది కాబట్టి ఒక చిన్న బకెట్, 12 లీటర్లు. కొళాయి నీళ్లయితే వెడల్పు మూతి బకెట్లో 24 గంటలు ఉంచి పోయండి, క్లోరిన్ పోతుంది. తొందరుంటే అంగట్లో దొరికే యాంటీ క్లోరిన్ చుక్కలు వాడండి. బోరు నీళ్లలో క్లోరిన్ ఉండదు కానీ ఆక్సిజన్ తక్కువ. వాటినీ కాసేపు నిలవ ఉంచి, నాలుగుసార్లు చెంబుతో ఎత్తి పోసి వాడండి. స్పాంజి మరీ మూసుకుపోతే, తొట్టిలోంచి తీసిన పాత నీళ్లలోనే రెండుసార్లు పిండి పెట్టేయండి. ఉన్న 5 చేపలతోనే రెండు నెలలు గడపండి. మేత రోజుకు రెండుసార్లు, రెండు నిమిషాల్లో అయిపోయేంతే. పాపకు ఆశ్చర్యంగా ఉంటుంది గానీ, చేప ఎప్పుడు చూసినా ఆకలిగానే కనపడుతుంది. నమ్మొద్దు.

ప్రశ్న: మా మగ గప్పీలు చచ్చిపోయి రెండు నెలలైంది. ఒక్క ఆడచేపే ఉంది. మొన్న అది 20 పిల్లల్ని పెట్టింది! మా అవ్వ దేవుడి మహిమ అంటోంది. రెండు రోజుల్లో 6 పిల్లలే మిగిలాయి. మిగతావి ఏమయ్యాయి?
(డిగ్రీ విద్యార్థిని, బి.క్యాంపు, కర్నూలు)

జవాబు: అవ్వ మాట కాదనడం ఎందుకు, మహిమే. ఆడ గప్పీ ఒకసారి మగచేపతో కలిస్తే ఆ వీర్యాన్ని కొన్ని నెలల పాటు ఒంట్లో దాచుకోగలదు. మగచేప లేకపోయినా నాలుగేసి వారాలకొక కాన్పు చొప్పున పెడుతూనే ఉంటుంది. అంగట్లో మగా ఆడా కలిపిన తొట్టిలోంచి తెచ్చిన ఆడచేప దాదాపు ఎప్పుడూ నిండుచూలాలే. నీ చేప వచ్చే నెల కూడా పిల్లల్ని పెట్టొచ్చు, అవ్వకు ముందే చెప్పి ఉంచు.

మిగతా 14 పిల్లల్ని తల్లే తినేసింది. దానికి అవి తన పిల్లలని తెలియదు, కదిలే మేత అంతే. పొట్ట వెనక, తోక వైపున్న నల్లమచ్చ పెద్దదై, పొట్ట పక్క నుంచి చూస్తే పెట్టెలా పలకలుగా కనపడిందంటే కాన్పు దగ్గర పడినట్టు. ప్లాస్టిక్ బ్రీడింగ్ బాక్సులు అమ్ముతారు గానీ నాకవి నచ్చవు. ఇరుకులో వేస్తే చేప బెదిరిపోతుంది. దానికంటే తొట్టిలో ఒక మూల జావా మాస్ అనే నీటి నాచు గానీ, హైడ్రిల్లా నాచు గానీ దట్టంగా వేస్తే పిల్లలు పుట్టగానే అందులో దూరతాయి. కేసీ (కర్నూలు-కడప) కాలువలోంచి నాచు తెచ్చేట్టయితే నాలుగు రోజులు విడిగా బకెట్లో ఉంచి, నత్తలు, పురుగులు లేవని చూసి వెయ్యి.

పిల్లలకు మేతను వేళ్లతో నలిపి పిండిలా చేసి, రోజుకు మూడు నాలుగుసార్లు చిటికెడు వెయ్యి. ఉడికించిన గుడ్డు పచ్చసొనను పల్చటి గుడ్డలోంచి పిండి వేయొచ్చు, కానీ కాస్త ఎక్కువైనా సాయంత్రానికి నీళ్లు కంపు కొడతాయి. ఓపికుంటే ఆర్టీమియా (ఉప్పునీటిలో బతికే చిన్న రొయ్యలాంటి పురుగు) గుడ్లు తెచ్చి ఉప్పు నీళ్లలో గాలి పెడితే ఒకటిన్నర రోజులో పొదుగుతాయి. అవి తిన్న పిల్లల ఎదుగుదల వేరు.

నెల దాటాక పొట్ట కింది రెక్క చూడు. విసనకర్రలా ఉంటే ఆడ, పుల్లలా సన్నబడితే మగ. రంగు నిలబెట్టాలనుకుంటే అప్పుడే విడదీయాలి, ఆలస్యమైతే అక్కాతమ్ముళ్లే జత కడతారు. ఒకటి రెండు తరాలకు పరవాలేదు గానీ, ఆ తర్వాత వెన్ను వంకర పిల్లలు కనపడటం మొదలవుతుంది. వేరే చోట నుంచి కొత్త మగచేపను తెచ్చుకో. ఒక మగకు ఇద్దరో ముగ్గురో ఆడలు ఉండాలి. మగలు ఎక్కువైతే ఆడచేపను తరిమి తరిమి చంపుతాయి.

ప్రశ్న: ఎండాకాలంలో కరెంటు పోతే చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. ఐసు వేయొచ్చా? (కడప)

జవాబు: ఐసు వేయొద్దు. వేడికంటే వేడి చటుక్కున మారడమే ప్రమాదం. అవి పైకొచ్చేది ఆక్సిజన్ చాలక. 20 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో 9 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ కరుగుతుంది, 32 డిగ్రీలకు అది 7 పైచిలుకుకు పడిపోతుంది. బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి కొని ఉంచుకోండి. తొట్టి గాజు మూత తీసి వల కప్పండి, కరెంటు ఉన్నప్పుడు టేబుల్ ఫ్యాను నీటి మీదికి తిప్పండి. మన ఎండ పొడి ఎండ, కుండలో నీళ్లు చల్లబడే కిటుకే ఇక్కడా పనిచేసి రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. ఆ నాలుగు నెలలు మేత సగం చేయండి.

ప్రశ్న: గప్పీలు 200 దాటాయి. అంగడివాళ్లు తీసుకోవడం లేదు. కుందూ నదిలో వదిలేయమంటారా? (నంద్యాల)

జవాబు: వద్దు, బాబూ. ఇవి మన చేపలు కావు. దక్షిణ అమెరికా ఉత్తర తీరం, ట్రినిడాడ్ వైపువి. 1866లో ట్రినిడాడ్ నుంచి వీటిని లండన్ పంపిన రాబర్ట్ గప్పీ పేరే వీటికి నిలిచింది. దోమల్ని అదుపు చేయడం కోసం 1908లో మన దేశానికి తెచ్చారు. నదిలో పడితే మన చిన్న చేపల గుడ్లు, పిల్లలు తింటాయి. 2009 అక్టోబరు వరదలో మా పాతబస్తీ ఇంట్లోకి నీళ్లు వచ్చినప్పుడు నా తొట్టి కూడా కొట్టుకుపోయింది, అందులో 30 దాకా గప్పీలు. అవి హంద్రీ నదిలో ఏమయ్యాయో అని ఇప్పటికీ అనుకుంటుంటాను.

మీ వీధిలో మూతలేని సిమెంటు తొట్టెలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. తొట్టికి అయిదారు చొప్పున ఇవ్వండి, దోమ పిల్లల్ని తింటాయి. నీళ్లు కాలువలోకి పొర్లే తొట్టెలకు మాత్రం ఇవ్వకండి. మీ దగ్గర మిగిలినవాటిలో మగా ఆడా ఈ రోజే విడదీయండి. విడదీసినా కొన్ని నెలల వరకు కాన్పులు ఆగవు, కారణం పైన బి.క్యాంపు అమ్మాయికి చెప్పాను.