ఓబీడీ పోర్టుకు వైఫై తగిలించే ముందు

సందేహం: దూర ప్రయాణాల్లో ఫోన్ హాట్‌స్పాట్ మాటిమాటికీ తెగిపోతోంది. స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ పోర్టుకు తగిలించే సిమ్ వైఫై పరికరం కొనమంటారా?

జవాబు: వద్దు. నెల తిరిగేసరికి ఈ ప్రశ్న మళ్లీ వస్తోంది కాబట్టి ఈసారి కాస్త గట్టిగానే చెబుతాను.

ముందు తెగిపోయే సంగతి. బండి కదులుతున్నంతసేపూ ఫోన్ ఒక టవర్‌ను వదిలి ఇంకోదాన్ని అందుకుంటూ ఉండాలి. చుట్టూ లోహపు బాడీ. ఎండ ఆపడానికి కొన్ని కార్ల అద్దాలకు వేసే పలుచని లోహపు పూత కూడా సిగ్నల్‌ని తగ్గించేస్తుంది. కప్పు మీద యాంటెన్నా పెట్టుకునే రౌటర్ అయితే సిగ్నల్ బలహీనంగా ఉన్నచోట మేలు చేస్తుంది. టవరే లేనిచోట అదీ ఏమీ చేయలేదు. అందుకే బయల్దేరే ముందే మ్యాప్ డౌన్‌లోడ్ చేసుకోండి. మీరెక్కడున్నారో చూపించే జీపీఎస్‌కు నెట్ అక్కర్లేదు.

ఇక నాకు టెన్షన్ పుట్టించేది ఆ పోర్టే. అది చార్జింగ్ పాయింట్ కాదు. మెకానిక్ బండిని పరీక్షించడానికి పెట్టిన దారి. చాలా కార్లలో అక్కణ్నుంచి ఇంజిన్, బ్రేకుల కంప్యూటర్లు మాట్లాడుకునే వైర్ల దాకా నేరుగా వెళ్లొచ్చు. అక్కడ సిమ్ ఉన్న పరికరం పెడితే ఆ వైర్లకు ఫోన్ నెట్‌వర్క్‌ను కలిపినట్టే. 2015లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్‌డియాగో పరిశోధకులు ఇలాంటి పరికరానికే ఎస్సెమ్మెస్‌లు పంపి, నెమ్మదిగా వెళ్తున్న కారు బ్రేకులు వేయించారు, పనిచేయకుండానూ చేశారు. అదే ఏడాది ఇంకో ఇద్దరు పరిశోధకులు అసలు ఏమీ తగిలించకుండానే, కంపెనీ అమర్చిన స్క్రీన్ సిస్టమ్‌లోంచి దూరాన్నుంచే ఒక కారును లొంగదీసుకున్నారు. దాంతో అమెరికాలో దాదాపు 14 లక్షల వాహనాలను సాఫ్ట్‌వేర్ మార్చడానికి వెనక్కి పిలిచారు. పెద్ద కంపెనీ పరిస్థితే అదైతే, పాస్‌వర్డ్ డబ్బా మీదే అచ్చువేసి, ఒక్క అప్‌డేట్ కూడా ఇవ్వని చవక పరికరాన్ని బ్రేకుల పక్కన ఎలా పెట్టమంటాను? పైగా ఇంజిన్ ఆపినా ఆ పోర్టుకు కరెంటు వస్తూనే ఉంటుంది. కొన్నాళ్లు బండి తీయకపోతే బ్యాటరీ దిగిపోవచ్చు.

హాట్‌స్పాట్ కావాలంటే చార్జింగ్ సాకెట్‌తో నడిచేది, లేదా సొంత బ్యాటరీ ఉన్నది తీసుకోండి. డబ్బా మీది పాస్‌వర్డ్ మొదటిరోజే మార్చండి.

అసలు కార్ల తయారీదారుల మీద నా కోపం ఇంకొకటి. ఫోన్‌ను నాలుగేళ్లకు మారుస్తాం, కారును పదిహేనేళ్లు నడుపుతాం. దాన్ని ఫోన్ నెట్‌వర్క్‌కు కలిపే మోడెమ్‌కు అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తారో అమ్మేటప్పుడు ఎందుకు రాసివ్వరు? 2022లో అమెరికాలో 3జీ ఆపేసినప్పుడు, 3జీ మోడెమ్ ఉన్న ఎన్నో పాత కార్లలో ప్రమాదం జరిగితే సాయానికి కాల్ చేసే సదుపాయమే పోయింది. బండి బాగానే నడుస్తోంది, సాయం మాత్రం అందదు. కొత్త కారు కొనేవాళ్లు షోరూమ్‌లో ఈ ప్రశ్న అడిగి, జవాబు కాగితం మీద రాయించుకోండి.