మొదటి స్థానానికి గ్యారంటీ ఎవరిస్తారు?

ప్రశ్న: మా అమ్మాయి ఈ ఏడాది బీఏ పూర్తి చేసింది. బీఈడీ చేయమంటే వినడం లేదు. వెబ్‌సైట్లు గూగుల్‌లో పైన కనిపించేలా రాసే ‘ఎస్‌ఈఓ కంటెంట్ రైటింగ్’ నేర్చుకుంటానంటోంది. అమీర్‌పేటలో ఒక సంస్థ మూడు నెలల కోర్సుకు 45 వేలు అడుగుతోంది, ఉద్యోగం గ్యారంటీ అంటున్నారు. అన్నీ ఏఐ రాసేస్తుంటే ఈ పని నిలుస్తుందా? బీఈడీతో పోల్చి ఏది మేలో చెప్పగలరు.
- ఒక తండ్రి, తెనాలి

జవాబు: మీరు ఫీజు గురించి రాశారు, గ్యారంటీ గురించి రాశారు. అమ్మాయి ఎలా రాస్తుందో మాత్రం ఒక్క ముక్క రాయలేదు. ఇలాంటి ఉత్తరాలు నాకు వస్తూనే ఉంటాయి. కోర్సు పేరు మారుతుంది, బెంగ మారదు. ‘మీ అమ్మాయి ఏం చేస్తోంది’ అని బంధువులు అడిగితే ఏం చెప్పాలన్నదే ఆ బెంగ. టీచరు అంటే ఇంకో ప్రశ్న ఉండదు. ఈ ఉద్యోగమైతే విడమరిచి చెప్పాలి. ఆ ఇబ్బంది మీదండీ, దానికోసం అమ్మాయిని రెండేళ్లు బీఈడీ కాలేజీలో కూర్చోబెట్టడం న్యాయం కాదు.

ముందు ఆ సంస్థ సంగతి. ఉద్యోగానికి గ్యారంటీ ఇచ్చేవారే, గూగుల్‌లో మొదటి స్థానం తెప్పించే కిటుకులూ నేర్పుతామంటారు. మొదటి స్థానానికి ఎవరూ హామీ ఇవ్వలేరని గూగులే తన మార్గదర్శకాల్లో చెబుతోంది. ఇలాంటి కరపత్రాల్లో ‘మెటా కీవర్డ్స్’, అంటే చదివేవాళ్లకు కనిపించకుండా పేజీ కోడ్‌లో పెట్టే మాటల జాబితా, ఇంకా ఒక పాఠంగా కనిపిస్తుంటుంది. ర్యాంకు కోసం దాన్ని చూడబోమని గూగుల్ 2009లోనే ప్రకటించింది. వంద మాటలకు ఇన్నిసార్లు కీవర్డ్ (జనం వెతికే మాట) రావాలన్న లెక్క ఇంకొకటి. అలా కుక్కితే గూగుల్ దృష్టిలో స్పామ్, అంటే చెత్త రాత, కిందికి వస్తుంది. పనికొచ్చే ప్రాథమిక పాఠాలు గూగుల్ సొంత గైడులో ఉచితంగా దొరుకుతాయి. ఇంగ్లీషు చదివి అర్థం చేసుకోగలిగితే వారం పని.

మరి మిగిలిన పనేమిటి? గుంటూరులో ఒక పచ్చళ్ల దుకాణం అనుకోండి. దాని వెబ్‌సైట్‌లో ‘తరతరాల రుచి, అత్యుత్తమ నాణ్యత’ అని ఎవరైనా రాస్తారు. అమెరికాలో కొడుకు దగ్గరికి బయల్దేరిన తల్లి ఆ మాటలతో వెతకదు. వెల్లుల్లి వేయని ఆవకాయ ఉందా, నువ్వుల నూనెతో పెట్టారా, ఎన్నాళ్లు నిల్వ ఉంటుంది, సూట్‌కేసులో కారకుండా ప్యాక్ చేసి ఇస్తారా అని వెతుకుతుంది. అదీ ఇంగ్లీషు అక్షరాల్లో, ఒక్కొక్కరు ఒక్కో స్పెల్లింగుతో. రాసేవాళ్లు దుకాణానికి ఫోన్ చేసి ఈ జవాబులు రాబట్టాలి. వెల్లుల్లి లేదన్న సంగతి పేజీ శీర్షికలోనే తెలియాలి. సీసా బరువు గ్రాముల్లో ఉండాలి. పేజీ పెట్టాక పని అయిపోదు. జనం ఏ మాటలు టైపు చేసి అక్కడికి వచ్చారో ‘సెర్చ్ కన్సోల్’ అనే గూగుల్ సాధనంలో చూసి, మళ్లీ దిద్దాలి. ఇందులో సగం ఓపిక, పావు వంతు భాష. కిటుకుల వాటా మిగిలిన పావులోనే.

ఏఐ విషయంలో నాకూ సందేహాలున్నాయి, దాచను. పది సైట్లు చదివి పదకొండో వ్యాసం అల్లే పని ఉండేది. కొత్తగా చేరినవాళ్లకు ఎక్కువగా అప్పగించేది అదే. ఇప్పుడు ఆ పని యంత్రం క్షణాల్లో చేసేస్తోంది. పైగా 2024 ఆగస్టు నుంచి మన దేశంలోనూ గూగుల్ ఏఐ ఓవర్‌వ్యూల పేరుతో జవాబును పైనే చూపిస్తోంది. అక్కడే పని తీరిపోతే సైటు దాకా ఎవరు వెళ్తారు? నెలకు ఇన్ని పేజీలని టోకున రాయించే సంస్థలను చూస్తే నాకు ముందునుంచీ అనుమానమే. గూగుల్ 2011లో ర్యాంకులిచ్చే పద్ధతిలో తెచ్చిన ‘పాండా’ అనే మార్పుతో పస లేని సైట్లను కిందికి నెట్టింది. 2024 మార్చిలో, కేవలం ర్యాంకు కోసం కుప్పలుగా పేజీలు పుట్టిస్తే మనిషి రాసినా యంత్రం రాసినా స్పామేనని తేల్చింది. టోకు రాతల మీద బతికే చోట అమ్మాయి చేరితే, ఇలాంటి నిబంధన ఇంకొకటి రాగానే రోడ్డున పడే ప్రమాదం ఉంది. మొదటి ఉద్యోగం దొరకడం మునుపటికన్నా కష్టం, జీతమూ తక్కువతోనే మొదలవుతుంది. దీనికి సిద్ధపడే రమ్మనండి.

అయినా భయపడకండి. ఫోన్ చేసి నిజం కనుక్కుని, దాన్ని శుభ్రమైన వాక్యంలో పెట్టగలిగేవాళ్లు ఆసుపత్రులకు కావాలి, బ్యాంకు యాప్‌లకు కావాలి, విత్తన కంపెనీలకు కావాలి. రెండు భాషల్లో రాయగలిగితే మరీ మంచిది. ఉద్యోగం పేరు రేపు ఇంకొకటి కావచ్చు, అమ్మాయి నేర్చుకున్నది ఎక్కడికీ పోదు.

పోల్చమన్నారు కదా. బీఈడీ రెండేళ్లు, ఆపైన టెట్, డీఎస్సీ. ఆంధ్రప్రదేశ్‌లో 2018 నోటిఫికేషన్ తర్వాత నియామకాల దాకా వెళ్లిన పెద్ద డీఎస్సీ 2025లో 16,347 పోస్టులతో వచ్చినదే. మధ్యలో ఏడేళ్లు. మీరు భద్రమనుకుంటున్న దారి ఇది! పాఠం చెప్పాలన్న కోరిక అమ్మాయికి ఉంటే నేనే చేర్పించమనేవాడిని. లేదంటున్నారుగా. రేపు మనసు మారితే బీఈడీ వచ్చే ఏడాదీ ఉంటుంది.

ఆరు నెలలు గడువివ్వండి. తెనాలిలోనే ఒక పళ్ల డాక్టరుకో, ఎరువుల దుకాణానికో, స్వీట్ల షాపుకో తలా ఒక పేజీ రాసిపెట్టమనండి. ఇంటర్వ్యూలో ఆ పేజీలు సర్టిఫికెట్ కన్నా బాగా మాట్లాడతాయి. కోర్సుకే వెళ్తానని పట్టుబడితే మీరూ వెంట వెళ్లండి. ఉద్యోగం రాకపోతే ఎంత తిరిగిస్తారో, ఎన్ని రోజుల్లో ఇస్తారో కాగితం మీద రాసి సంతకం చేయమనండి. కుదరదంటే డబ్బు కట్టకుండా లేచి వచ్చేయండి.