నరమేధమా, జాతిహననమా?

సందేహం: మా అమ్మాయి ఉద్యోగరీత్యా రువాండాలో ఉంటోంది. వెళ్లి నెల రోజులు ఉండి వచ్చాను. కిగాలీలో 1994 నాటి ఘోరానికి కట్టిన స్మారకం చూశాను. యాత్రావ్యాసంలో దాన్ని 'నరమేథ స్మారక ప్రదర్శనశాల' అని రాస్తే, తెలుగు టీచరుగా రిటైరైన మా వదినగారు "మేథమంటే యజ్ఞం, అక్కడ జరిగింది యజ్ఞమా?" అని ఎర్ర పెన్నుతో కొట్టేశారు. నరమేథం, మారణహోమం, ఊచకోత, జాతిహననం... ఏది వాడాలి?
– ఒక పాఠకురాలు, మలక్‌పేట, హైదరాబాద్

సమాధానం: మీ వదినగారికి ముందుగా నా నమస్కారం చెప్పండి. ఆ ఎర్ర పెన్ను ఇంకో చోట కూడా పడాల్సింది. నరమేథం కాదమ్మా, నరమేధం. 'మేధావి'ని 'మేథావి' చేసి ఊరుకోకుండా మనవాళ్లు యజ్ఞాన్ని కూడా పట్టుకున్నారు. యజ్ఞానికి చెప్పే మేధం వేరు, బుద్ధికి చెప్పే మేధ వేరు. రెండింటిలోనూ ఉన్నది ధకారమే. టీవీలో కింద పరుగెత్తే అక్షరాలు చూసి తెలుగు నేర్చుకుంటే ఇలాగే ఉంటుంది.

ఇక అసలు సంగతి. మేధమంటే మొదట బలిపశువులోని సారం, తర్వాత బలి, ఆపైన యజ్ఞం. వదినగారి అభ్యంతరం గట్టిదే. యజ్ఞమన్నాక యజమాని ఉంటాడు, దేవత ఉంటుంది, ఫలం ఉంటుంది. ఈ మాట వాడగానే చంపినవాడు యజమాని అయి కూర్చుంటాడు, చచ్చినవాళ్లు హవిస్సు అవుతారు. ఇంగ్లీషులోనూ ఇదే పేచీ. హోలోకాస్ట్ అంటే గ్రీకులో పూర్తిగా కాల్చి సమర్పించిన ఆహుతి. అరవై లక్షల మంది యూదుల్ని నాజీలు చంపితే అది ఎవరికిచ్చిన ఆహుతి అని చాలామంది ఆ మాటను ఒప్పుకోరు. హీబ్రూలో 'షోవా' అంటారు, మహా విపత్తు అని. మన 'మారణహోమం' ఆ హోలోకాస్టుకు తోబుట్టువే.

ఇందులో ఇంకో తిరకాసు ఉంది. శతపథ బ్రాహ్మణం అనే వైదిక గ్రంథంలో పురుషమేధం వర్ణన ఉంది. యూపస్తంభాలకు మనుషుల్ని కడతారు, వాళ్ల చుట్టూ అగ్నిని తిప్పుతారు. అప్పుడు వద్దని ఒక వాక్కు వినిపిస్తుంది, కట్లు విప్పి వదిలేస్తారు. అంటే ఈ గ్రంథం చెప్పిన నరమేధంలో నరుడు చావడు!

మరి హోమం పేరుతో ఒక జాతిని నిజంగానే తుడిచిపెట్టబోయిన కథ మనకు లేదా? ఉంది, మన తెలుగు ఆదికావ్యం మహాభారతం మొదట్లోనే ఉంది. నన్నయ గారి దగ్గరికి రావడానికి నాకు సాకు కావాలని మీకీపాటికి తెలిసే ఉంటుంది. 'బహువనపాదపాబ్ధి' పద్యం స్కూల్లో బట్టీ పట్టని తెలుగువాడు మా తరంలో లేడు. నాగరాజు తక్షకుడు ఎత్తుకుపోయిన కుండలాల కోసం ఉదంకుడు పాతాళానికి వెళ్లి నాగుల్ని స్తుతిస్తాడు. వేయి పడగల మీద భూభారం మోసే అనంతుణ్ని ప్రసన్నుడివి కమ్మని వేడుకుంటాడు. ఆ పద్యం చదువుతుంటే పాముల మీద భక్తి పుడుతుంది. కుండలాలు చేతికొచ్చాయి. ఆ ఉదంకుడే తిన్నగా జనమేజయుడి దగ్గరికి పోయి, మీ నాన్నను చంపింది తక్షకుడు, సర్పయాగం చెయ్యమని ఎక్కిస్తాడు. కరిచింది ఒక్క పాము. హోమగుండంలో పడ్డవి అన్ని కులాల పాములూ. స్తుతించిన నోరే చావుకీ పిలిచింది.

1994 ఏప్రిల్ 6న రువాండా అధ్యక్షుడి విమానం కూల్చేశారు. ఆ నేరం అక్కడి మైనారిటీ వర్గమైన టుట్సీలందరి నెత్తినా వేసి, మెజారిటీ వర్గమైన హుటూల్లోని తీవ్రవాదులు వంద రోజుల్లో లక్షల మందిని నరికేశారు. రేడియోలో టుట్సీలను బొద్దింకలన్నారు, పాములన్నారు. అవును, పాములనే! చంపడానికి 'పని' అని పేరు పెట్టారు.

సర్పయాగాన్ని ఆపడానికి ఆస్తీకుడు వచ్చాడు. నాగకన్యకూ బ్రాహ్మణుడికీ పుట్టినవాడు, రెండు వైపులా చుట్టం. కిగాలీకి ఆస్తీకుడు రాలేదు. ఉన్న ఐక్యరాజ్యసమితి సైన్యాన్నే ఏప్రిల్ 21న భద్రతామండలి 270 మందికి కుదించింది. అమెరికా అధికారులు 'జెనోసైడ్' (జాతిహననం) అనడానికి నీళ్లు నమిలి 'జెనోసైడ్ కిందికొచ్చే చర్యలు' అంటూ వచ్చారు. పేరు పెడితే 1948 నాటి జెనోసైడ్ ఒడంబడిక ప్రకారం ఆపాల్సిన పూచీ మెడకు చుట్టుకుంటుందని భయం. ఏ మాటైతేనేం, అర్థమైతే చాలదా అనేవాళ్లకు ఇది చెప్పండి.

ఆ జెనోసైడ్ మాటను 1944లో రాఫెల్ లెమ్కిన్ అనే పోలండ్ యూదు లాయరు కూర్చాడు. గ్రీకు 'గెనోస్'కు లాటిన్ 'కైడెరే'ను అతికించాడు. గెనోస్ మన జనం, జన్మ, జాతి మాటలకు దాయాది, ధాతువు ఒకటే. కైడెరే అంటే కోయడం, చంపడం. కాబట్టి జాతిహననం సరిగ్గా సరిపోతుంది. చిక్కల్లా 'జాతి'తోనే. జాతీయ గీతంలోనూ అదే, జాతి కోడిలోనూ అదే.

ఊచకోత అచ్చ తెలుగు. ఊచ అంటే జైలు కడ్డీ ఒకటి, కంకి ఒకటి. నా ఓటు కంకికే. చిన్నప్పుడు మా చేలో పాలు గట్టిపడుతున్న జొన్న కంకుల్ని పిడకల నిప్పు మీద కాల్చి, గోనె మీద నలిపి, ఊదుకుంటూ తినేవాళ్లం. ఊస బియ్యం అనేవాళ్లం, ఊచ బియ్యమే. అరచేతులు నల్లబడేవి. ఆ కంకులు కోసినట్టు మనుషుల్ని కోశారన్నమాట. రువాండాలో ఎత్తినవీ పొలం కత్తులే కనుక ఈ మాట వింటే నాకు ఒళ్లు జలదరిస్తుంది. అదే మాటను ఇప్పుడు 'బౌలర్ల ఊచకోత', 'బాక్సాఫీసు ఊచకోత' అని వాడుతున్నారు. సిక్సర్లు కొట్టడానికి తెలుగులో వేరే మాటలు కరువయ్యాయా?

'ప్రదర్శనశాల' మాత్రం తీసేయండి. ఆ మాట వింటే నాకు నాంపల్లి నుమాయిషే కళ్లముందు కనిపిస్తుంది. ఉర్దూలో మ్యూజియాన్ని అజాయబ్ ఘర్ అంటారు, వింతల ఇల్లు. సాలార్‌జంగ్‌కు అది సరే. రెండున్నర లక్షల మందిని పాతిపెట్టిన కిగాలీ నేల మీద ఆ పేరు నిలుస్తుందా? పిల్లల గదిలో ఒక్కో ఫొటో కింద ఆ బిడ్డకు ఇష్టమైన తిండి, ప్రాణస్నేహితులు, చివరి మాటలు రాసి ఉంటాయి, మీరూ చూసే ఉంటారు. వ్యాసుడూ హోమంలో మాడిన పాముల పేర్లను వాసుకి కులం, తక్షక కులం అని వరసగా చెప్పించాడు. చచ్చినవాళ్లకు పేరు దక్కాలన్నది పాత పట్టింపే. జెరూసలేంలోని హోలోకాస్ట్ స్మారకం పేరు 'యాద్ వషేమ్'లోని 'షేమ్'కు అర్థం పేరు. (అందులోని 'యాద్' మన తెలంగాణ 'యాది' కాదు, దయచేసి అలా రాయకండి. యాది పారశీకం నుంచి వచ్చింది, అది హీబ్రూ, చెయ్యి అనీ స్మారకమనీ అర్థం.)

ఎవరి పేరు నిలుస్తుందన్న దగ్గరే తగువులూ మొదలవుతాయి. 'రువాండా జాతిహననం' అనడం చాలదని, 'టుట్సీల జాతిహననం' అనాలని అక్కడి ప్రభుత్వం పట్టుబట్టింది. 2018లో ఐక్యరాజ్యసమితీ సరేనంది. చంపడానికి ఒప్పుకోక చచ్చిన హుటూల మాటేమిటని కొందరి బాధ. ఆ తగువు నిఘంటువుతో తీరేది కాదు.

కాబట్టి బోర్డు పేరుగా 'జాతిహనన స్మారకం' అని రాయండి, లోపల కథ చెప్పేటప్పుడు ఊచకోత అనండి. నరమేధం పూర్తిగా తప్పని నేను తీర్పివ్వలేను. పత్రికల్లో ఏళ్ల తరబడి నలిగింది, చదివేవాడికి యజ్ఞం గుర్తుకు రావడం ఎప్పుడో మానేసింది. మీ వదినగారు ఒప్పుకోకపోతే ఆవిడ మాటే వినండి, ఇంట్లో పోరు ఎందుకు. ఉంచుకుంటే మాత్రం ధకారంతో ఉంచండి.