నీస్ నగరంలో నాలుగు రోజులు: ఐరోపాకు కొత్తగా వచ్చిన తెలుగువారికి

జర్మనీకో నెదర్లాండ్స్‌కో ఉద్యోగానికి వచ్చి ఇంకా ఏడాది తిరగని తెలుగు దంపతులు, వేసవి దగ్గర పడేసరికి, నన్ను అడిగే ప్రశ్న ఇంచుమించు ఒకటే. నాలుగు రోజుల సెలవు దొరికింది, మధ్యధరా సముద్రం చూడాలని ఉంది, ఫ్రాన్స్ దక్షిణ తీరంలోని నీస్, కాన్, పక్కనే ఉన్న చిన్న దేశం మొనాకో, వీలైతే సరిహద్దు దాటి ఇటలీలో మరో ఊరు, అన్నీ చుట్టి రావచ్చునా అని. నీస్‌కు పడమరగా ఉన్న సోఫియా ఆంటిపొలిస్ అనే సాంకేతిక నగరిలో ఉద్యోగం చేస్తూ చాలా ఏళ్ళుగా ఈ తీరంలోనే కాపురం ఉంటున్నాను కనుక, తెలిసినంతలో చెబుతాను. చుట్టి రావడం సాధ్యమే, కానీ అలా వెళ్ళవద్దు. నీస్‌లోనే బస పెట్టుకొని, రెండు రోజులు పూర్తిగా ఆ ఊరికే ఇచ్చి, మిగిలిన రెండు రోజుల్లో రోజుకొక చిన్న ఊరికి రైల్లో వెళ్ళి సాయంత్రానికి తిరిగి వస్తే, ఫొటోలతో పాటు ఆ ఊరు కూడా మీకు గుర్తుంటుంది.

ముందుగా కాగితాల సంగతి. షెన్‌గెన్ దేశం ఏదైనా ఇచ్చిన రెసిడెన్స్ పర్మిట్ మీ చేతిలో ఉంటే, ఫ్రాన్స్‌కు వేరే వీసా అక్కరలేదు. ఏ 180 రోజులలోనైనా 90 రోజులకు మించకుండా ఉండవచ్చు. బ్రిటన్‌లో ఉంటున్న భారత పౌరులకు మాత్రం అక్కడి నివాస అనుమతి ఇక్కడ చెల్లదు, షెన్‌గెన్ వీసా తీసుకోవలసిందే. రెండు సందర్భాలలోనూ అసలు పాస్‌పోర్టు వెంట ఉండాలి, ఫోనులో ఫొటో సరిపోదు. ఇటలీ సరిహద్దు ఊరైన వెంతిమీలియా నుంచి ఫ్రాన్స్‌కు వచ్చే రైళ్ళలో పోలీసులు తరచుగా పత్రాలు అడుగుతారు. మాకు తెలిసిన ఒక కుటుంబం పాస్‌పోర్టులు హోటల్లో భద్రంగా ఉన్నాయనే ధైర్యంతో వెళ్ళి, తిరుగు దారిలో పసిబిడ్డతో సహా చాలాసేపు స్టేషన్లో నిలబడవలసి వచ్చింది. పొరపాటున పాస్‌పోర్టు పోతే కంగారు పడకండి. ముందు పోలీసు ఫిర్యాదు రాయించుకోండి. ఆ తరువాతి పనికి దక్షిణ ఫ్రాన్స్‌లోనే, మార్సెయ్‌లో, 2025 ఫిబ్రవరిలో ప్రారంభమైన భారత కాన్సులేట్ ఉంది.

ఎప్పుడు రావాలి అంటే, మే చివరి నుంచి జూన్ నెలాఖరు వరకు, లేదా సెప్టెంబరులో అంటాను. జులై, ఆగస్టులలో ఫ్రాన్స్ అంతా సెలవుల్లో ఉంటుంది కనుక గదుల అద్దె పెరుగుతుంది, తీరంలో తువ్వాలు పరచడానికి చోటు దొరకదు. సెప్టెంబరులో జనం తగ్గుతారు, వేసవంతా కాగిన నీరు మాత్రం వెచ్చగానే ఉంటుంది. చలికాలం అయినా పరవాలేదనుకుంటే ఫిబ్రవరిలో నీస్ కార్నివాల్ ఉంటుంది, దానికి అటూ ఇటుగా, ఇటలీ సరిహద్దు దగ్గరున్న మాంతోన్ ఊరిలో నిమ్మకాయల ఉత్సవమూ ఉంటుంది.

విమానాశ్రయం సముద్రాన్ని పూడ్చి కట్టినది, ఊరికి చాలా దగ్గర. రెండు టెర్మినళ్ళ నుంచీ రెండో నంబరు ట్రామ్ ఊరి మధ్యగా ఓడరేవు వరకు వెళుతుంది, టాక్సీ అక్కరలేదు. బసకు రైల్వే స్టేషన్ దగ్గర చౌకగా దొరుకుతుంది కానీ, పెద్దవాళ్ళు వెంట ఉంటే కాస్త ఎక్కువైనా మసేనా కూడలికి దగ్గరగా తీసుకోండి. సముద్రం, పాత ఊరు, ట్రామ్ మూడూ అక్కడి నుంచి నడక దూరంలోనే ఉంటాయి.

ఇక సముద్రం. విశాఖ ఆర్కే బీచ్‌లో ఇసుక మీద నడిచి అలవాటైన కాళ్ళకు నీస్ తీరం మొదట నిరాశ కలిగించవచ్చు, ఎందుకంటే ఇక్కడ ఇసుక లేదు, అరచేతి మందాన నున్నటి బూడిదరంగు గులకరాళ్ళు ఉంటాయి. వాటి మీద ఒట్టి కాళ్ళతో నడవలేరు. నీళ్ళలో వేసుకొనే రబ్బరు చెప్పులు ఇక్కడి దుకాణాలలో తక్కువ ధరకే దొరుకుతాయి, మొదటి రోజే కొనుక్కోండి. అంతకంటే ముఖ్యమైన మాట ఒకటి చెప్పాలి. మధ్యధరాలో ఆటుపోట్లు బాగా తక్కువ కనుక, గాలి లేని రోజున నీరు చెరువులా నిశ్చలంగా కనిపిస్తుంది. ఆ నిశ్చలత్వాన్ని నమ్మకండి. నీస్‌లో ఒడ్డు నుంచి కొద్ది అడుగులకే లోతు హఠాత్తుగా దిగిపోతుంది. మోకాలి లోతు అనుకొని మరో రెండడుగులు వేసిన నాకు నేల అందక ప్రాణం గుప్పిట్లోకి వచ్చిన రోజు ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది. ఈత రానివారు, పిల్లలు ఒడ్డునే కూర్చొని కాళ్ళు తడుపుకోవాలి. దిగాలనుకుంటే లైఫ్‌గార్డులు ఉన్న చోటనే, ఆకుపచ్చ జెండా ఎగురుతున్నప్పుడే దిగాలి. ఎర్రజెండా ఉంటే అసలు దిగకూడదు. కొన్ని వేసవుల్లో ఊదారంగు జెల్లీఫిష్‌లు ఒడ్డుకు వస్తాయి, అవి తాకితే చుర్రున మండుతుంది. బారులు తీరిన పరుపు కుర్చీలూ గొడుగులూ ఉన్న చోట్లు ప్రైవేటువి, వాటికి అద్దె చెల్లించాలి. వాటి మధ్యమధ్య ఉన్న ఖాళీ తీరమంతా ఉచితమే.

తీరం వెంబడి సుమారు ఏడు కిలోమీటర్లు సాగే నడక దారి పేరు ప్రొమెనాద్ దెజాంగ్లే, అంటే ఇంగ్లిషువారి విహారమార్గం. చలికాలం గడపడానికి ఇక్కడికి వచ్చే ఇంగ్లిషువారు 1820లలో, పని లేక బిచ్చమెత్తుకుంటున్న పేదలకు కూలి దొరకాలని చందాలు వేసుకొని ఈ దారి వేయించారు. ఆ చలికాలపు విడిది చరిత్ర కారణంగానే నీస్‌కు 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు లభించింది. ఈ దారిలోనే 2016 జులై 14 రాత్రి, జాతీయ దినోత్సవపు బాణసంచా చూడడానికి చేరిన జనం మీదికి లారీతో జరిగిన దాడిలో 86 మంది ప్రాణాలు పోయాయి. వారి స్మృతికి నిలిపిన దేవదూత విగ్రహం సముద్రపు అంచునే కనిపిస్తుంది. అక్కడ ఒక నిమిషం ఆగండి, ఫొటోల కోసం నవ్వుతూ నిలబడకండి. దారి పొడవునా ఉన్న నీలి కుర్చీలలో ఎవరైనా కూర్చోవచ్చు. జూన్‌లో రాత్రి తొమ్మిది దాటాక గాని పొద్దు గుంకదు, ఆ గంట మాత్రం దేనికోసమూ వదులుకోవద్దు.

పాత ఊరిలోకి ఉదయమే వెళ్ళాలి. కూర్ సలేయా అనే బారైన చౌకులో మంగళవారం నుంచి ఆదివారం వరకు పూలు, కూరగాయలు, పళ్ళు అమ్ముతారు. సోమవారం మాత్రం పాత వస్తువుల సంత. పువ్వుతో సహా అమ్మే చిన్న గుమ్మడి జాతి కాయలు, రకరకాల ఆలివ్‌లు, మాంతోన్ నిమ్మకాయలు అక్కడ చూసి తీరవలసినవి. ఇక్కడి సందులు ఇరుకుగా, ఇళ్ళు పసుపు, కావి రంగుల్లో ఇటలీని తలపిస్తే అందులో వింత లేదు, నీస్ ఫ్రాన్స్‌లో శాశ్వతంగా కలిసింది 1860లోనే. ఇటలీ ఏకీకరణకు పోరాడిన గరిబాల్డీ 1807లో పుట్టింది ఈ ఊళ్ళోనే. వీధుల పేర్లు ఫ్రెంచితో పాటు నిసార్ అనే స్థానిక భాషలోనూ రాసి ఉంటాయి.

ఇక్కడి తిండిలో మన నాలుకకు నేరుగా చుట్టమయ్యేది సొక్కా. శనగపిండి, నీళ్ళు, ఆలివ్ నూనె, ఉప్పు కలిపిన పిండిని పెద్ద రాగి పళ్ళెంలో పల్చగా పోసి, కట్టెల పొయ్యిలో అంచులు మాడీమాడనట్లు కాల్చి, చెక్కలుగా గీకి, పైన మిరియాల పొడి చల్లి ఇస్తారు. నిరుడు మా అమ్మ వచ్చినప్పుడు మొదటి ముక్క నోట పెట్టుకొని, ఇది మన శనగపిండి అట్టేరా, పచ్చిమిర్చీ జీలకర్రా వేయడం మరిచారు, అంది. వేడిగా ఉన్నప్పుడే తినాలి, చల్లారితే గట్టిబడుతుంది. శాకాహారులు సొక్కాను నిశ్చింతగా తినవచ్చు గాని తక్కినవాటి దగ్గర జాగ్రత్త అవసరం: పిస్సాలాదియేర్ అనే ఉల్లిపాయల రొట్టె మీద ఆంచోవీ చేపలు ఉంటాయి, నీసువాజ్ సలాడ్‌లోనూ పాన్ బాన్యా రొట్టెలోనూ ట్యూనా చేప ఉంటుంది, వంకాయలూ టొమాటోలూ కూరి చేసే ఫార్సీలో మాంసం ఉంటుంది. రాతతూయ్ అనే వంకాయ, టొమాటోల కూర సాధారణంగా శాకాహారమే. "సాన్ వియాండ్, సాన్ పువాసోన్", అంటే మాంసం లేకుండా, చేప లేకుండా, అనే మాట కంఠస్థం చేసుకోండి. ఫ్రాన్స్‌లో వెజిటేరియన్ అన్నంత మాత్రాన చేప తినరని అందరికీ తట్టదు. మధ్యాహ్నం రెండు దాటితే చాలా హోటళ్ళలో వంటిల్లు మూసేస్తారు, మళ్ళీ సాయంత్రం ఏడుకు గాని తెరవరు. పిల్లలున్నవారు దీన్ని గుర్తుంచుకోవాలి. భోజనంతో పాటు కుళాయి నీరు కారాఫ్‌లో, అంటే గాజు కూజాలో, అడిగితే ఉచితంగా ఇస్తారు. ఏ దుకాణంలో అడుగుపెట్టినా ముందు "బొంజూర్" అని, ఆ తరువాతే అడగదలచింది అడగండి. ఆ పలకరింపు లేకుండా మాట మొదలుపెట్టడం ఇక్కడ అమర్యాద. కొత్తగా వచ్చినవారు ఫ్రెంచివారిని మొహం మాడ్చుకొనే మనుషులని అనుకోవడానికి సగం కారణం ఇదేనని నా నమ్మకం.

పాత ఊరికి తూర్పున 92 మీటర్ల ఎత్తున్న కోటకొండ ఉంది. కోటను ఫ్రెంచి రాజు 14వ లూయీ 1706లో కూల్చివేయించాడు కనుక పైన కోట లేదు, ఉద్యానం, జలపాతం, ఒకవైపు సముద్రపు ఒంపు, మరొకవైపు ఓడరేవు ఉన్నాయి. మెట్లెక్కలేని వారికి ఉచిత లిఫ్టు ఉంది. సరిగ్గా మధ్యాహ్నం 12 గంటలకు రోజూ ఫిరంగి మోత వినిపిస్తుంది, పసిపిల్లలుంటే ముందుగానే చెవులు మూయండి.

సిమియే గుట్ట మీద ఆలివ్ తోపు నడుమ చిత్రకారుడు మతీస్ మ్యూజియం, దానికి దిగువన 1973లో తెరిచిన మరో చిత్రకారుడు షగాల్ మ్యూజియం ఉన్నాయి. రెండిటికీ మంగళవారం సెలవు. ఒక్కటే చూసే వ్యవధి ఉంటే షగాల్‌కు వెళ్ళండి, చిత్రకళ గురించి ఏమీ తెలియకపోయినా ఆ నీలిరంగుల ముందు కూర్చోబుద్ధవుతుంది.

మిగిలిన రెండు రోజులకు తీరం వెంట వెళ్ళే లోకల్ రైలు ఎక్కండి, సీటు రిజర్వేషన్ ఉండదు. మాంతోన్ వైపు వెళ్ళేటప్పుడు కుడివైపు కూర్చుంటే సముద్రం కనిపిస్తుంది. పది నిమిషాలలోపే వచ్చే విల్‌ఫ్రాంష్‌లో దిగితే స్టేషన్ పక్కనే ముతక ఇసుక తీరం ఉంది. చిన్నపిల్లలు ఆడుకోవడానికి నీస్ కంటే అదే మేలు. అక్కడి జాలరుల చాపెల్ (చిన్న చర్చి) గోడలకు 1957లో ఫ్రెంచి కవి, చిత్రకారుడు జాన్ కొక్తో బొమ్మలు వేశాడు. మొనాకోకు సగం రోజు చాలు. 1910లో తెరిచిన సముద్ర మ్యూజియం తప్ప మిగతాది ఖరీదైన కార్లు, ఖరీదైన భవనాలు. అది ఐరోపా సమాఖ్యలో లేదు కనుక మీ ఫోను ప్లాన్‌లో మొనాకో చేరిందో లేదో చూసుకొని, లేకపోతే రైలు ఆగకముందే డేటా ఆపేయండి. నా ఓటు మాత్రం మాంతోన్‌కే. రైల్వే ఉద్యోగుల సమ్మెలు ఇక్కడ మామూలే, ముందురోజు సాయంత్రం వేళలు సరిచూసుకోండి. రైళ్ళలోనూ ట్రామ్‌లలోనూ పర్సు వెనుక జేబులో పెట్టకూడదు.

తిరిగి వెళ్ళేటప్పుడు సంతలో ఆలివ్ నూనె కొనేవారు సీసాను చెక్-ఇన్ సామానులోనే పెట్టాలి, చేతి సంచిలో 100 మిల్లీలీటర్లకు మించితే తీసేసుకొనే ప్రమాదముంది. శనగపిండి మీ ఊరి ఇండియన్ దుకాణంలో ఎలాగూ దొరుకుతుంది. పిండికి రెండింతలు నీళ్ళు, కాస్త ఈ నూనె కలిపి రెండు గంటలు నాననిచ్చి, ఓవెన్ వేడి పూర్తిగా పెంచి, బాగా కాగిన పళ్ళెంలో పల్చగా పోస్తే సొక్కా ఇంట్లోనే వస్తుంది. మా అమ్మ మాట మన్నించి మా ఇంట్లో అందులో జీలకర్ర కూడా వేస్తాం.