మనవడు మెటల్ షాపులో చేరాడు, నేనేం చెప్పాలి?

ప్రశ్న: మా మనవడు అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో హైస్కూలు పదో తరగతి చదువుతున్నాడు. ఈ ఏడాది ఐచ్ఛిక పాఠంగా 'మెటల్ షాప్', అంటే బడి వర్క్‌షాపులో లోహపు పని నేర్పే పాఠం, తీసుకున్నాడు. రేకుతో చిన్న పనిముట్ల పెట్టె చేసి ఫొటో పంపాడు. త్వరలో లేత్ (లోహపు కడ్డీని తిప్పుతూ కోసే యంత్రం) మీద, ఆ తరువాత వెల్డింగ్ మీద పని నేర్పుతారట. దీనివల్ల రేపు ఇంజనీరింగు సీటుకు నష్టం కలుగుతుందేమోనని మా అబ్బాయి, కోడలు ఆలోచిస్తున్నారు. నాకు మాత్రం వాడి వేళ్ల గురించే దిగులు. "కమ్మరి పని నేర్చుకోవడానికి అమెరికా దాకా వెళ్లాలా?" అని బంధువు ఒకరు అన్న మాట కూడా మనసును పట్టుకుని వదలడం లేదు. వాడు వేసవి సెలవులకు మా దగ్గరికి వస్తున్నాడు. వాడికి నేనేం చెప్పాలి? ఏమైనా సాయం చేయగలనా?
— ఒక విశ్రాంత లెక్కల మాస్టారు, తెనాలి

జవాబు: మాస్టారు గారికి నమస్కారం. నేను ఐటీఐలో ఫిట్టర్ ట్రేడు బోధించి పదవీ విరమణ చేసినవాణ్ణి. అమెరికాలో మా అమ్మాయి ఇంట్లో ఉన్న రోజుల్లో అక్కడి హైస్కూలు షాపు ఒకటి లోపలికి వెళ్లి చూసే అవకాశం కలిగింది. అందుచేత మీ ఉత్తరానికి కొంత విపులంగానే జవాబు రాస్తున్నాను.

ముందుగా మీ బంధువు మాట సంగతి చూద్దాం. కమ్మరి తన కొలిమి దగ్గర ఏ కొలమానమూ లేకుండా, కేవలం ఇనుము రంగును చూసి వేడిని అంచనా కట్టి, కొడవలికీ కర్రుకూ పదును పట్టించిన తీరును లోహశాస్త్రం తెలిసినవారెవరూ తక్కువగా చూడలేరు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కును పర్షియా వర్తకులు వెతుక్కుంటూ వచ్చి కొనుక్కుపోయేవారు. మీ మనవడు బడిలో నేర్చుకోబోయే అత్యుత్తమ పాఠం ఆ కమ్మరి పాఠమే. దానిని కింద వివరిస్తాను.

అమెరికా బడుల్లోకి ఈ చదువు వచ్చిన దారి కూడా ఆసక్తికరమైనదే. 1876లో ఫిలడెల్ఫియాలో జరిగిన ప్రదర్శనలో మాస్కో సాంకేతిక విద్యాలయం వారు, విద్యార్థులు ఒక్కొక్క చేతిపనిని సులువు నుంచి కష్టానికి వరుసగా అభ్యసించిన నమూనాలను ఉంచారు. అవి అక్కడి విద్యావేత్తలను బాగా ఆకట్టుకున్నాయి. ఆ తరువాత కొన్నేళ్లకే సెయింట్ లూయిస్‌లో కాల్విన్ వుడ్‌వర్డ్ చేతిపనులు నేర్పే హైస్కూలును నడిపారు. 1917 నాటి స్మిత్-హ్యూస్ చట్టంతో వృత్తి విద్యకు కేంద్ర ప్రభుత్వ నిధులు వచ్చాయి. 1980ల తరువాత కళాశాల ప్రవేశాల మీదే దృష్టి నిలవడంతో చాలా బడుల్లో షాపులు మూతపడ్డాయి. మీ మనవడి బడిలో అది ఇంకా నడుస్తున్నదంటే అతను అదృష్టవంతుడని నేను మనస్ఫూర్తిగా అనుకుంటున్నాను.

ఇక మీ దిగులు. అది న్యాయమైనదే, ఎందుకంటే లేత్ మనిషిని గుర్తుపట్టదు. అయితే ఈ ప్రమాదాలు ఎక్కడ పొంచి ఉంటాయో ముందే తెలిసినవి గనుక, వాటిని ఫోనులో అతనిచేతే చెప్పించండి. అతని జవాబులను బట్టి గురువు ఎంత శ్రద్ధగా నేర్పుతున్నాడో మీకే తెలుస్తుంది. కడ్డీని పట్టి ఉంచే లేత్ చక్‌ను బిగించిన తరువాత, దానిని బిగించే చక్ కీ ఎక్కడ ఉండాలని అడగండి. చేతిలోనో, తన చోటులోనో ఉండాలి తప్ప క్షణమైనా చక్‌లో వదిలిపెట్టకూడదు. ఆ కీ అందులో ఉండగా మోటారు తిరిగితే అది రాయిలా ఎగిరివస్తుంది. తిరిగే యంత్రం దగ్గర చేతి తొడుగులు వేసుకోవాలా అని అడగండి. చాలామంది 'వేసుకోవాలి' అంటారు, అది తప్పు. తొడుగు కొస చిక్కుకుంటే చేతినే లోపలికి లాగుతుంది. అందుకే లేత్ దగ్గరా డ్రిల్లు దగ్గరా తొడుగులు, ఉంగరాలు, వదులు చేతుల చొక్కాలు నిషిద్ధం. వెల్డింగ్ దగ్గర మాత్రం తోలు తొడుగులు తప్పనిసరి. ఈ తేడాకు కారణం చెప్పగలిగిన పిల్లవాడు భద్రంగానే ఉంటాడు.

పలచని రేకుకు రంధ్రం చేసేటప్పుడు దానిని చేత్తో పట్టుకోకుండా క్లాంపుతో బిగించాలి, ఎందుకంటే డ్రిల్ బిట్ ఆవలి వైపు బయటపడే క్షణంలో రేకును పట్టి గిరగిరా తిప్పుతుంది. ఉక్కు కోసం పెట్టిన గ్రైండింగు చక్రం మీద అల్యూమినియం రుద్దకూడదు. ఆ మెత్తని లోహం చక్రం రంధ్రాల్లో నిండి, వేడెక్కి, చక్రం పగిలే ప్రమాదం ఉంది. లేత్ మీద నుంచి చుట్టలుగా వచ్చే ఇనుప పొట్టు బ్లేడులాగా కోస్తుంది కాబట్టి దానిని చేత్తో లాగకూడదు. జింకు పూత ఉన్న రేకును వెల్డింగ్ చేస్తే వచ్చే తెల్లని పొగ పీల్చినవారికి కొన్ని గంటల తరువాత చలిజ్వరం వస్తుంది. వెల్డింగ్ వెలుగును ముసుగు లేకుండా చూసినవారికి ఆ రాత్రి కళ్లలో ఇసుక పోసినట్లు మండుతుంది. ఈ రెండూ పని జరిగేటప్పుడు ఏమీ అనిపించవు, అందుకే కుర్రవాళ్లు వాటిని తేలికగా తీసుకుంటారు. వీటి సంగతి కాస్త గట్టిగానే చెప్పండి.

మీరు లెక్కల మాస్టారు కాబట్టి మీకు ఒక ప్రత్యేకమైన పని అప్పగిస్తాను. లేత్‌కు ఎంత వేగం పెట్టాలో తేల్చడానికి అమెరికా షాపుల్లో పిల్లలకు ఒక తేలిక సూత్రం నేర్పుతారు: నిమిషానికి అడుగుల్లో కోత వేగాన్ని (పనిముట్టు మొన ముందు లోహం ఉపరితలం కదిలే వేగాన్ని) 4తో గుణించి, కడ్డీ వ్యాసం ఎన్ని అంగుళాలో దానితో భాగించాలి. హైస్పీడ్ స్టీల్ పనిముట్టుతో మెత్తని ఉక్కును కోసేటప్పుడు కోత వేగం సుమారు నిమిషానికి 100 అడుగులు. కాబట్టి 1 అంగుళం కడ్డీకి నిమిషానికి 400 చుట్లు, అర అంగుళం కడ్డీకి 800 చుట్లు వస్తాయి. ఆ 4 ఎక్కడి నుంచి వచ్చిందో మీ మనవణ్ణి అడగండి. అడుగుకు 12 అంగుళాలు, చుట్టుకొలతకు పై, 12ను పైతో భాగిస్తే 3.82, దానిని నోటిలెక్కకు వీలుగా 4 చేశారు. ఇది అతనంతట అతను కనుక్కునేదాకా మీరు చెప్పకండి. వృత్తం చుట్టుకొలత పాఠం పుస్తకంలో చదివినప్పటికంటే, వేగం ఎక్కువై పనిముట్టు మొన నీలంగా మాడిపోయినప్పుడు బాగా అర్థమవుతుందని నా అనుభవం.

ఇప్పుడు కమ్మరి పాఠం. చాలా షాపుల్లో సెంటర్ పంచో (రంధ్రం చేసే చోట గుర్తుగా చిన్న గుంట పెట్టే పనిముట్టు), ఇనుము కోసే ఉలో పిల్లలచేత చేయిస్తారు. కార్బన్ ఎక్కువున్న ఉక్కును ఎర్రగా, అయస్కాంతం అంటని స్థితి దాటేదాకా కాల్చాలి. ఆ స్థితి సుమారు 770 డిగ్రీల సెల్సియస్ దగ్గర వస్తుంది. అప్పుడు ఒక్కసారిగా ముంచి చల్లార్చితే ఇనుమును అరగదీసే ఆకురాయి కూడా దానిమీద జారిపోయేంత గట్టిపడుతుంది, అయితే సుత్తి దెబ్బకు గాజులా పగులుతుంది. ఆ పెళుసుదనం తగ్గడానికి ఒక పక్కను మెరిసేలా రుద్ది, మళ్లీ మెల్లగా వేడి చేస్తారు. 220, 230 డిగ్రీల దగ్గర లేత గడ్డి రంగు, ఆపై గోధుమ రంగు, 280 దగ్గర వంగపండు రంగు, 300 దగ్గర నీలం, ఇలా రంగులు ఉక్కు మీద పాకుతూ వస్తాయి. ఉలికి వంగపండు రంగు దగ్గర ఆపాలి. రెండు మూడు సెకన్లు ఆలస్యమైతే మొదటి నుంచి మళ్లీ చేయవలసిందే. మన కమ్మరులు కొలిమిని నీడపట్టున ఎందుకు పెట్టుకున్నారో మీ మనవడికి అప్పుడు చెప్పండి: మండుటెండలో ఈ రంగులేవీ కంటికి ఆనవు.

కళాశాల గురించి మీ అబ్బాయి, కోడలు అనవసరంగా కలవరపడుతున్నారని నాకు అనిపిస్తోంది. షాపు ఐచ్ఛిక పాఠం కాబట్టి అది లెక్కలను గానీ ఫిజిక్సును గానీ తొలగించదు. టైంటేబుల్లో ఆ పాఠాలతో ఢీకొనకుండా ఉందా అని మాత్రం బడి కౌన్సెలరును అడిగి తెలుసుకోమనండి. ఒహాయోలో పదకొండు, పన్నెండు తరగతుల్లో కెరీర్ సెంటర్లకు, అంటే వృత్తి విద్య నేర్పే కేంద్రాలకు, వెళ్లే వీలుంది. అది రోజులో చాలా భాగాన్ని తీసుకుంటుంది కనుక ఆ నిర్ణయాన్ని విడిగా ఆలోచించుకోవాలి. మెకానికల్ ఇంజనీరింగు చదవాలనుకునేవాడికి ఈ ఒక్క ఏడాది ఎంత మేలు చేస్తుందో ఒక ఉదాహరణతో చెబుతాను. తిరుగుతూ లోహాన్ని చెక్కే మిల్లింగ్ కట్టర్ గుండ్రంగా ఉంటుంది, కాబట్టి అది లోపలి మూలను సూదిగా కోయలేదు. ఈ సంగతి తెలియకుండా కంప్యూటరు మీద నలుచదరపు గుంత గీసి కార్ఖానాకు పంపే కొత్త ఇంజనీర్లు తక్కువేమీ కాదు. మీ మనవడు ఆ తప్పు చేయడు.

సెలవుల్లో అతను వచ్చినప్పుడు యంత్రాలేవీ అక్కరలేదు. గట్టి బల్లకు ఒక బెంచ్ వైస్ (ఇనుప ముక్కను కదలకుండా పట్టి ఉంచే సాధనం) బిగించి, 10 అంగుళాల చదునైన ఆకురాయి ఒకటి, మూలమట్టం ఒకటి, ఇనుప దుకాణంలో అడిగి తెచ్చిన మెత్తని ఉక్కు ముక్క ఒకటి ఇవ్వండి. ఆరు ముఖాలూ చదునుగా, మూలలన్నీ లంబంగా ఉండే ఘనం చేయమనండి. ఆకురాయి ముందుకు తోసేటప్పుడే కోస్తుంది, వెనక్కి వచ్చేటప్పుడు బరువు తీసేయాలి. చేతులు ఊగితే ముఖం మధ్యలో ఉబ్బుతుంది. మూలమట్టం ఆనించి వెలుగుకు ఎదురుగా పట్టుకుంటే ఆ ఉబ్బు పక్క నుంచి వెలుతురు తొంగిచూస్తుంది. మా ఐటీఐలో పిల్లలు ఈ ఒక్క పని మీదే రోజుల తరబడి నిలబడేవారు. మొదటి వారం ఏడుపు ముఖాలే, రెండో వారంలో ఆకురాయి మోతలోనే తేడా వినపడేది. పళ్ల మధ్య పొట్టు ఇరుక్కోకుండా ఆకురాయికి సుద్దముక్క రుద్దుకోమని చెప్పండి. ఒకరోజు వీలుచేసుకుని విజయవాడ ఆటోనగర్‌కు తీసుకువెళ్లి, యజమాని అనుమతితో, బూట్లు వేసుకుని, దూరంగా నిలబడి లేత్ పని చూడనివ్వండి. అక్కడ యంత్రం ముట్టుకోనివ్వకండి.

ఘనం పూర్తయితే తెనాలి ఉక్కపోతకు రెండు రోజుల్లోనే తుప్పు పడుతుంది. పలచగా నూనె రాసి, కాగితంలో చుట్టి, ఆకురాయితో పాటు విమానంలో చేతి సంచిలో కాకుండా పెద్ద పెట్టెలో సర్దించండి.