టెక్ సందేహాలు: ఏజెంట్‌లో ఏమేం ఉన్నాయో చీటీ రాయడమెలా?

ప్రశ్న: పలాస జీడిపప్పు వ్యాపారులకు వచ్చే ఆర్డర్ మెయిళ్లు చదివి, స్టాక్ చూసి, జవాబు రాసిపెట్టే ఏఐ ఏజెంట్ తయారుచేశాం. పైథాన్‌లో రాసి, డాకర్‌లో నడుపుతున్నాం. మెయిల్‌కొకటి, స్ప్రెడ్‌షీట్‌కొకటి ఎంసీపీ సర్వర్లు (ఏజెంట్‌ని బయటి టూల్స్‌తో కలిపే ప్రోగ్రాములు) తగిలించాం. బయటి రాష్ట్రం కొనుగోలుదారు ఎస్‌బీఓఎం (సాఫ్ట్‌వేర్‌లోని భాగాల జాబితా) అడిగితే పిప్ ఫ్రీజ్ జాబితా పంపాం. చాలదని తిప్పి పంపారు. ఇంకేం ఇవ్వాలి?
– ఓ పాఠకుడు, కాశీబుగ్గ

జవాబు: తిప్పి పంపడంలో తప్పులేదండీ. మీ ఊళ్లో బిల్లు మీద ఉత్త ‘జీడిపప్పు’ అని రాస్తే ఎవరైనా ఒప్పుకుంటారా? డబ్ల్యూ-180 రకమా, 320 రకమా, బద్దా, ముక్కా తేలాలి. ఎస్‌బీఓఎం కూడా అలాంటి చీటీయే: ఏ భాగం, ఏ వెర్షన్, ఎవరిది, లైసెన్సేమిటి, ఏది దేని మీద ఆధారపడింది. పిప్ ఫ్రీజ్‌లో పైథాన్ ప్యాకేజీల పేర్లు, వెర్షన్లు తప్ప మరేమీ ఉండవు. నోడ్ (జావాస్క్రిప్ట్) ప్యాకేజీలు, అడుగున ఉన్న లైనక్స్ ప్యాకేజీలు, మోడల్ దానికి కనబడవు. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2025 జులైలో తెచ్చిన ఎస్‌బీఓఎం మార్గదర్శకాల రెండో వెర్షన్‌లో ఏఐ భాగాల జాబితాను విడిగా చేర్చింది. కాబట్టి ఇలా అడిగేవాళ్లు ఇంకా వస్తారు.

ఫార్మాట్లలో ఎస్‌పీడీఎక్స్, సైక్లోన్‌డీఎక్స్ రెండూ చెల్లుతాయి. మీకు సైక్లోన్‌డీఎక్స్ తేలిక. 2023లో వచ్చిన 1.5 వెర్షన్ నుంచి మోడల్‌ని కూడా ఒక భాగంగా రాయొచ్చు.

ముందు సిఫ్ట్ అనే ఉచిత టూల్ దించుకోండి. దాన్ని సోర్స్ ఫోల్డర్ మీద కాకుండా తయారైన డాకర్ ఇమేజ్ (ఏజెంట్‌నీ దానికి కావాల్సినవాటినీ కలిపి కట్టిన మూట) మీద నడిపి, అవుట్‌పుట్‌గా సైక్లోన్‌డీఎక్స్ జేసన్ కోరండి. ఫోల్డర్ మీద నడిపితే వచ్చే చిక్కొకటుంది. రిక్వైర్‌మెంట్స్ ఫైల్లో రెండు ‘ఈక్వల్ టు’ గుర్తులతో వెర్షన్ బిగించని ప్యాకేజీలను సిఫ్ట్ మామూలుగా వదిలేస్తుంది. జాబితా పొట్టిగా వస్తే మొదట అక్కడే చూడండి.

అసలు లొసుగు ఎంసీపీ దగ్గర. మీ కాన్ఫిగ్ ఫైల్ తెరవండి. కమాండ్ దగ్గర ‘ఎన్‌పీఎక్స్’ (నోడ్ ప్యాకేజీని దించి నడిపే కమాండ్), పక్కన ‘హైఫన్ వై’, ఆ పక్కన ప్యాకేజీ పేరు, వెర్షన్ లేకుండా ఉందా? అయితే ఆ సర్వర్ మీ ఇమేజ్‌లో లేనే లేదు. ఏజెంట్ లేచాక ఇంటర్నెట్ నుంచి దిగుతుంది. సిఫ్ట్‌కి కనబడే అవకాశమే లేదు. పైగా కొత్త మెషిన్ మీద ఆ రోజు తాజాగా ఉన్నది దిగుతుంది, పాత మెషిన్ మీద క్యాషేలో పడి ఉన్నదే నడవొచ్చు. ఏజెంట్ ఒకటే, లోపలి సరుకు రెండు రకాలు కావొచ్చు.

ఇది ఉత్త భయం కాదు. 2025 సెప్టెంబర్‌లో పోస్ట్‌మార్క్-ఎంసీపీ అనే ఎన్‌పీఎం ప్యాకేజీ బండారం బయటపడింది. ఆ పేరున్న కంపెనీ తయారుచేసింది కాదది. 1.0.16 వెర్షన్‌లో ఒక్క లైను చేర్చి, వెళ్లే ప్రతి మెయిల్ నకలునూ బీసీసీలో బయటికి పంపింది. అంతకుముందు వెర్షన్లు బుద్ధిగానే పనిచేశాయి. మీదీ మెయిల్ ఏజెంటే కదా!

ఆ లైనులోనే పేరు పక్కన వెర్షన్ తగిలిస్తే సగం పనే అయినట్టు. ఆ ప్యాకేజీ తెచ్చుకునే పిల్ల ప్యాకేజీలు అప్పటికీ మారుతూనే ఉంటాయి. విడిగా ఫోల్డర్ పెట్టి, వెర్షన్‌తో ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ చేసి, పుట్టిన ప్యాకేజ్-లాక్ ఫైల్‌ని గిట్‌లో దాచండి. డాకర్‌ఫైల్లో ‘ఎన్‌పీఎం సీఐ’ (లాక్ ఫైల్లో ఉన్న వెర్షన్లే దించే కమాండ్) వాడండి. కాన్ఫిగ్‌లో ఎన్‌పీఎక్స్ తీసేసి, నోడ్‌కి నేరుగా ఆ ఫైల్ దారి ఇవ్వండి. మళ్లీ సిఫ్ట్ నడిపితే మొత్తం సంతానం జాబితాలోకొస్తుంది.

టూల్‌కి అందనివి ఇంకో సైక్లోన్‌డీఎక్స్ ఫైల్లో చేత్తో రాయాలి. మోడల్‌ని ‘మెషిన్ లెర్నింగ్ మోడల్’ రకం భాగంగా చేర్చండి. ఏపీఐ మోడలైతే ‘లేటెస్ట్’ అని కాకుండా తేదీ ఉన్న వెర్షన్ పేరు రాయండి. సిస్టమ్ ప్రాంప్ట్‌ని ఫైల్‌గా చేర్చి ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్ (ఫైల్ మారితే తానూ మారే వేలిముద్ర లాంటిది) ఇవ్వండి. యూఆర్‌ఎల్‌తో కలిసే ఎంసీపీ సర్వర్ ఉంటే దాని లోపలేముందో మీరు చెప్పలేరు. దాన్ని ‘సర్వీసెస్’ విభాగంలో చిరునామాతో, ఏ డేటా వెళ్తుందో చెప్తూ నమోదు చేయండి. ఆ సర్వర్ చెప్పే టూల్ వివరణలను కూడా ఒక ఫైల్లో దాచి హ్యాష్ తీసుకోండి. అవి మారితే మోడల్ ప్రవర్తన మారొచ్చు. ఒక్క జాగ్రత్త: కాన్ఫిగ్‌ని ఉన్నదున్నట్టు జతచేయకండి, ఏపీఐ కీలు అందులోనే ఉంటాయి.

చివర్లో సైక్లోన్‌డీఎక్స్ సీఎల్‌ఐతో రెండు ఫైళ్లూ కలిపి, వ్యాలిడేట్ చేసి, గ్రైప్ అనే టూల్‌కి ఇచ్చి తెలిసిన లోపాలున్నాయేమో చూడండి. ఉదాహరణకు ఎంసీపీ-రిమోట్ అనే ప్యాకేజీ 0.0.5 నుంచి 0.1.15 వరకు ఏ వెర్షనైనా సీవీఈ-2025-6514 అనే లోపం నంబరు కింద పట్టుబడాలి. ఇంకా ఎవరూ కనిపెట్టని దొంగ ప్యాకేజీని మాత్రం గ్రైప్ పట్టలేదు.

ప్రశ్న: మోడల్ ఒల్లామాలో మా మెషిన్ మీదే నడుస్తోంది. జాబితాలో పేరు రాస్తే చాలదా?
– ఓ పాఠకురాలు, బొబ్బిలి

జవాబు: చాలదమ్మా. ఒల్లామాలో ట్యాగ్ (మోడల్‌ని పిలిచే పేరు) అంటే తలుపు మీది పేరు పలకే, లోపల మనిషి మారొచ్చు. ‘ఒల్లామా షో’ కమాండ్‌కి మోడల్‌ఫైల్ ఆప్షన్ ఇస్తే ‘ఫ్రమ్’ లైనులో ఎస్‌హెచ్‌ఏ-256తో మొదలయ్యే పొడవాటి ఫైల్ పేరు కనిపిస్తుంది. ఆ తర్వాతి అంకెలు, అక్షరాలే మోడల్ ఫైల్ హ్యాష్, వాటిని జాబితాలో పెట్టండి. ‘ఒల్లామా లిస్ట్’ చూపే పొట్టి ఐడీ దానికి బదులు కాదు.