పళ్ల డాక్టరు కుర్చీ దిగగానే తూలితే...

ప్రశ్న: మా నాన్నగారికి 72 ఏళ్లు. బీపీకి, ప్రొస్టేట్‌కి మాత్రలు వాడుతున్నారు. పన్ను తీయించుకుని కుర్చీ దిగగానే తూలి పడబోయారు. మత్తు ఇంజెక్షన్ పడలేదంటారా?

జవాబు: ఇంజెక్షన్ కంటే ముందు కుర్చీని అనుమానించాలి. ముప్పావుగంట వెల్లకిలా పడుకుని ఒక్కసారిగా లేస్తే రక్తం కాళ్లలోకి దిగి బీపీ పడిపోతుంది. నిలబడిన 3 నిమిషాల్లో పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ తగ్గితే సమస్య ఉన్నట్టే. టామ్సులోసిన్ లాంటి ప్రొస్టేట్ మందులు, నీరు పోయే మాత్రలు దీన్ని ఇంకా పెంచుతాయి. అలాగని మీరే ఆపేయకండి. మందుల చీటీ డాక్టరుకి చూపించండి.

ఈసారి కుర్చీని మెల్లగా, ఆగి ఆగి లేపమనండి. కాళ్లు నేలకి ఆనించి 2, 3 నిమిషాలు కూర్చోనివ్వాలి. నిలబడకముందే కళ్లజోడు, చెప్పులు చేతికందించాలి. కాలి కింద పెడల్ వైరు ఉంటుంది, దాన్ని ఎవరూ చూసుకోరు! కళ్లు తిరిగితే నడిపించొద్దు, మళ్లీ పడుకోబెట్టి కాళ్లు ఎత్తిపెట్టాలి.

రక్తం పలచబడే మందులు వాడేవారు పడి తలకి దెబ్బ తగిలితే, బాగానే ఉన్నా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.